గుంటలు రెండే, రొయ్యలు వంద

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా, ప్రయోగాల అంకెలను తేల్చడానికి స్టాటిస్టిక్స్‌లో "ఏ టెస్ట్ వాడాలి మేడమ్?" అనే అడిగాయి. కాలేజీలో జువాలజీ ప్రాక్టికల్స్ చెప్పిన రోజుల నుంచీ ఇదే ప్రశ్న వింటున్నాను. టెస్ట్ పేరు చెప్పడం సులువే, కానీ దానికి ముందు నేను రెండు విషయాలు అడుగుతాను. మీ లెక్కలో "ఒకటి" అంటే ఏది? దాన్నే మళ్లీ కొలిస్తే ఎంత తేడా వస్తుంది? ఈ రెండింటికీ జవాబు ఉన్నవాళ్లకు టెస్ట్ ఎంచుకోవడం ఐదు నిమిషాల పని. కొన్ని ఉత్తరాలను కుదించి వేస్తున్నాను, ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు పక్కపక్కనే రెండు వనామి గుంటలు ఉన్నాయి. ఒకే హేచరీ సీడ్, ఒకే రోజు వదిలాం. ఒక గుంటలో కొత్త ప్రోబయాటిక్ వాడాను, రెండో దాంట్లో వాడలేదు. అరవయ్యో రోజున టెక్నీషియన్ వచ్చి గుంటకు యాభై చొప్పున రొయ్యలు పట్టి, విడివిడిగా తూచాడు. మందు వాడిన గుంటలో సగటు 11.2 గ్రాములు, వాడనిదాంట్లో 10.4. ఫోన్‌లోనే లెక్క కట్టి "పి విలువ 0.05 కంటే తక్కువొచ్చింది, ఇంక రుజువైపోయినట్టే అన్నా, వచ్చే పంటకి రెండు గుంటలకీ కొట్టు" అన్నాడు. వాడమంటారా?
— రొయ్య రైతు, విడవలూరు మండలం

జవాబు: ఆ అబ్బాయి కూడికలూ భాగహారాలూ సరిగానే చేశాడు. మీరు పంపిన తూకాల కాగితం నేనూ వేసి చూశాను. రెండు గుంటల్లోనూ ప్రామాణిక విచలనం సుమారు 2 గ్రాములు. అంటే రొయ్యల్లో మూడింట రెండు వంతులు సగటుకు రెండు గ్రాములు అటూ ఇటూగా ఉన్నాయి. యాభై రొయ్యల సగటును ఎంతవరకు నమ్మవచ్చో తెలియాలంటే ఆ 2ని యాభై వర్గమూలంతో భాగించాలి. 0.28 వస్తుంది. రెండు సగటుల మధ్య తేడాకు అదే ఊగిసలాట 0.4 గ్రాములు. మీకొచ్చిన తేడా 0.8, అంటే దానికి సరిగ్గా రెట్టింపు. టీ-టెస్ట్ పట్టికలో వంద రొయ్యలకు గీత 1.98 దగ్గర ఉంటుంది. కాబట్టి గీత దాటింది, వెంట్రుకవాసిలో. పి విలువ 0.05 కంటే తక్కువ అంటే ఇదే: అసలు తేడా ఏమీ లేకపోయినా ఇంత తేడా ఊరికే కనిపించే అవకాశం నూటికి ఐదు కంటే తక్కువ.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ లెక్క తేల్చింది ఒక్కటే: ఈ గుంటలోని రొయ్యలు ఆ గుంటలోని రొయ్యల కంటే బహుశా పెద్దవి. ఎందుకు పెద్దవయ్యాయన్నది దానికి తెలియదు. మందు వల్ల కావచ్చు. ఆ గుంట అడుగు మట్టి మంచిది కావచ్చు, ఎయిరేటర్ గాలి బాగా తిరిగి ఉండొచ్చు, రెండో గుంట కాలవకు దూరమై నీటి మార్పిడి ఆలస్యమై ఉండొచ్చు. ఇంకో సంగతి కూడా ఉంది, అది మీకు నాకంటే బాగా తెలుసు. సీడ్ ఎక్కువగా పోయిన గుంటలో మిగిలిన రొయ్యలకు చోటూ మేతా దండిగా దొరికి లావెక్కుతాయి. మందు వాడిన గుంటలో రొయ్యలు ఎక్కువ చచ్చినా సగటు బరువు ఇలాగే పెరుగుతుంది. పట్టుబడి రోజు మొత్తం టన్నేజీ చూడకుండా సగటు బరువు ఒక్కటే చూసి మందును మెచ్చుకోవడం నాకు నచ్చదు.

మీరు మందు వేసింది రొయ్యకు కాదు, గుంటకు. కాబట్టి ఈ లెక్కలో "ఒకటి" అంటే ఒక గుంట. మందు వాడినది ఒకటి, వాడనిది ఒకటి, అంతే. అన్నం ఉడికిందో లేదో చూడాలంటే ఒక్క మెతుకు చాలంటారు గదా. ఒక కుండలోంచి యాభై మెతుకులు పట్టినా తెలిసేది ఆ కుండ సంగతే. యాభై రొయ్యలను తూచడం వల్ల ఆ గుంట సగటు మీకు బాగా తెలిసింది. మందు గురించి మాత్రం గుంటకొక్క సాక్ష్యమే ఉంది. ఇలా ఒక గుంటలోని యాభైని యాభై సాక్ష్యాలుగా లెక్కపెట్టడానికి స్టువర్ట్ హర్ల్‌బర్ట్ అనే అమెరికా జీవావరణ శాస్త్రవేత్త 1984లో సూడోరెప్లికేషన్ అని పేరు పెట్టాడు. ఆయన 176 ప్రయోగాల పత్రాలు తిరగేస్తే వాటిలో 27 శాతం ఇదే పని చేశాయి. అవన్నీ చదువుకున్న శాస్త్రవేత్తలు రాసినవే. మీ టెక్నీషియన్ని మరీ కోప్పడకండి.

మరి రుజువు ఎట్టా? మీ బంధువులవీ గట్టు పక్కవాళ్లవీ కలుపుకుని ఎనిమిది గుంటలు చూడండి. చీటీలు వేసి నాలుగింటికి మందు వాడండి. ఏ గుంటకు వాడాలో మీరు ఎంచుకోకూడదు, మందు అమ్మేవాడు అసలే ఎంచుకోకూడదు. ఎనిమిదింట్లోంచి నాలుగింటిని 70 రకాలుగా ఎంచుకోవచ్చు. పంట చివర మందు వాడిన నాలుగే మొదటి నాలుగు స్థానాల్లో నిలబడితే, అది ఉత్త అదృష్టం వల్ల జరిగే అవకాశం 70లో ఒకటి, అంటే 1.4 శాతం. పట్టికలు అక్కర్లేదు, కంప్యూటర్ అక్కర్లేదు. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో రోనాల్డ్ ఫిషర్ పనిచేసే రోజుల్లో, కప్పులో పాలు ముందు పోశారో టీ ముందు పోశారో తాగి చెప్పగలనని ఒక సహోద్యోగిని అంటే, నాలుగు అలా, నాలుగు ఇలా, ఎనిమిది కప్పులతో ఆమెను పరీక్షించే లెక్క ఆయన వేశాడు. అదే 70, అదే లెక్క.

ఆరు గుంటలైతే 20 రకాలు, ఉత్తమ ఫలితం వచ్చినా 20లో ఒకటి. నాలుగు గుంటలైతే 6 రకాలే. అంతా మందు పక్షానే వచ్చినా ఆరింట్లో ఒకసారి ఊరికే అలా జరుగుతుంది, దాంతో ఏమీ తేలదు. ఇంకో దారి ఉంది, మీ ఊళ్లో అదే తేలికేమో. రెండేసి గుంటలున్న రైతులు ఐదుగురు కలవండి. ఒక్కొక్కరూ బొమ్మా బొరుసూ వేసి ఒక గుంటకే వాడండి. ఐదుగురికీ మందు గుంటే మెరుగైతే, 32లో ఒక్కసారి మాత్రమే ఊరికే అలా జరుగుతుంది. జత కట్టడం వల్ల ఒక రైతు మేత బాగా వేస్తాడు, ఇంకొకరు వెయ్యరు అనే తేడా లెక్కలోంచి తప్పుకుంటుంది.

అంతమంది కుదరకపోతే, వచ్చే పంటకు గుంటలు మార్చి వాడండి. ఈసారి రెండో గుంట పెరిగితే మందుకు ఇంకో సాక్ష్యం దొరికినట్టు. మళ్లీ మొదటి గుంటే పెరిగితే ఆ గుంటలోనే ఏదో గుణం ఉంది, మందు డబ్బులు మిగుల్చుకోండి.

వల గురించి కూడా చెప్పాలి. మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పక్కన విసురు వల వేస్తే మేతకొచ్చిన చురుకైన రొయ్యలే పడతాయి. మోల్టింగ్‌లో (పెంకు విడిచే దశలో) ఉన్నవి అడుగున నక్కి ఉంటాయి, వలకు అందవు. కాబట్టి నాలుగు మూలలా, మధ్యలో, ఒకే లెక్కన విసరండి. తూచేముందు జల్లెడలో అదే సమయం వార్చండి. తడి రొయ్య మీద నీళ్లు కూడా బరువే. వార్చిన ఒకే పది రొయ్యలను మూడుసార్లు తీసి పెట్టి తూచి చూడండి, మీ కాటా, మీ చెయ్యీ కలిసి ఎంత ఊగుతాయో తెలుస్తుంది. 11.2 గ్రాములంటే 89 కౌంటు (కేజీకి 89 రొయ్యలు), 10.4 అంటే 96 కౌంటు. కొనేవాడి దగ్గర ఆ ఏడు కౌంట్ల తేడాకు ధర ఉంటుంది కాబట్టి, అది నిజమైన తేడానా, వల విసిరిన చోటు తేడానా అని కనుక్కోవడానికి అరగంట పెట్టినా తప్పులేదు.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ బోటనీ విద్యార్థినిని. మా తోటలోని నిమ్మ గింజలు 50 నీళ్లలో నానబెట్టి, 50 నానబెట్టకుండా వేశాను. నానబెట్టినవాటిలో 40, మిగతావాటిలో 31 మొలిచాయి. ఒక లెక్చరర్ టీ-టెస్ట్ అన్నారు, ఇంకొకరు కై-స్క్వేర్ అన్నారు. ప్రాజెక్ట్ సబ్మిషన్ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.
— పొదలకూరు

జవాబు: కై-స్క్వేర్ అన్నవారి మాట వినమ్మా. నువ్వు కొలిచిందేమీ లేదు, లెక్కపెట్టావు. మొలిచిందా లేదా అనేవి రెండు గంపలు, గింజలను ఆ గంపల్లోకి వేరు చేశావు. గంపల్లోకి వేరు చేసినప్పుడు కై-స్క్వేర్, కార్ల్ పియర్సన్ 1900లో ఇచ్చినది. మొలక పొడవు సెంటీమీటర్లలో కొలిచి రెండు గుంపుల సగటులు పోల్చి ఉంటే టీ-టెస్ట్. నానబెట్టడం మూడు నాలుగు రకాల గంటల్లో చేసి పొడవులు పోల్చి ఉంటే అనోవా. ఒకే మొక్కను మందుకు ముందూ తర్వాతా కొలిచి ఉంటే జతల టీ-టెస్ట్. డిగ్రీ ప్రాజెక్టుల్లో నూటికి తొంభై ఈ నాలుగింటితో గడిచిపోతాయి.

లెక్క ఇక్కడే చేద్దాం. వంద గింజల్లో 71 మొలిచాయి. నానబెట్టడం వల్ల ఏ తేడా లేకపోతే ఒక్కో యాభైలో 35.5 మొలవాలి, 14.5 మొలవకూడదు. నీకొచ్చినవి వాటికి 4.5 దూరంలో ఉన్నాయి. 4.5 వర్గం 20.25. దాన్ని 35.5తో రెండుసార్లు, 14.5తో రెండుసార్లు భాగించి కూడితే 3.93. గీత 3.84. దాటావు! సంబరపడే ముందు ఇంకో లెక్క చెయ్యి. నానబెట్టినవాటిలో 40కి బదులు 39 మొలిచి ఉంటే? 3.05 వస్తుంది, గీతకు ఇవతలే ఆగిపోతుంది. నీ ప్రాజెక్ట్ తీర్పంతా ఒక్క గింజ మీద నిలబడి ఉంది. యేట్స్ సవరణ (చిన్న సంఖ్యలకు చేసే దిద్దుబాటు) చేసినా 3.11కి దిగుతుంది. "నానబెడితే మొలక శాతం 62 నుంచి 80కి పెరిగినట్టు కనిపించింది, కానీ ఈ సంఖ్యతో గట్టిగా చెప్పలేం" అని రాయి. నేను ఎగ్జామినర్‌గా ఉంటే ఆ వాక్యానికే మార్కులు వేస్తాను.

ఇప్పుడు అసలు అనుమానం. మన కాగ్జి నిమ్మ గింజలో తరచూ ఒకటి కంటే ఎక్కువ పిండాలు ఉంటాయి. ఒక గింజ నుంచి రెండు, మూడు మొలకలు రావడం మామూలే. బోటనీ పిల్లవి, పాలీఎంబ్రియోనీ చదివే ఉంటావు. నువ్వు 40 అన్నది మొలిచిన గింజలా, కనిపించిన మొలకలా? ట్రేలో పైనుంచి చూసి మొలకలు లెక్కపెట్టి ఉంటే ఆ 40 సంఖ్య చెల్లదు, ఎందుకంటే ఒకే గింజ రెండుసార్లు లెక్కలోకి వచ్చి ఉంటుంది. అనుమానమున్న చోట మట్టి కొంచెం కదిపి, రెండు మొలకలూ ఒకే గింజ నుంచి వచ్చాయేమో చూడు. ఇంకొకటి, నిమ్మ గింజ ఆరేకొద్దీ మొలిచే శక్తి పోగొట్టుకుంటుంది. ఒక యాభై ఈ రోజు తీసి నానబెట్టి, ఇంకో యాభై అప్పటిదాకా గట్టు మీద ఆరబెట్టి ఉంటే, నువ్వు పరీక్షించింది నానబెట్టడాన్నా, ఆరబెట్టడాన్నా? ఏ రోజు కాయ కోశావో, ఏ రోజు వేశావో రికార్డులో రాయి. సబ్మిషన్‌కు అది చాలు, టెన్షన్ పడకు.

ప్రశ్న: హేచరీలో ల్యాబ్ పని చేస్తున్నాను. జోయియా దశ రొయ్య పిల్లలకు పెట్టే కీటోసెరాస్ ఆల్గేని మైక్రోస్కోప్ కింద, గడులు గీసిన ఛాంబర్‌లో లెక్కపెడతాం. అదే ట్యాంకుకు ముగ్గురు చూస్తే మిల్లీలీటరుకు 10.4 లక్షలు, 11.3 లక్షలు, 12.6 లక్షలు వచ్చాయి. మేనేజర్ సార్ "ఎవరు దొంగలెక్క రాశారు?" అని అరుస్తున్నారు. ఎవరిది కరెక్ట్?
— అల్లూరు

జవాబు: ఎవరూ దొంగలు కాకపోవచ్చని మీ సార్‌కి ఈ పేజీ చూపించండి. మధ్యలో కౌంట్ మీదే కదా, మీ నాలుగు మూల గడుల అంకెలు పంపారు: 118, 97, 131, 104. మొత్తం 450, సగటు 112.5. ఒక గడి ఒక చదరపు మిల్లీమీటరు, లోతు 0.1 మిల్లీమీటరు, అందుకే పదివేలతో గుణిస్తే 11,25,000. మీ రిజిస్టర్‌లో సరిగ్గా అలాగే, చివరి వేలతో సహా రాశారు. ఆ చివరి అంకెలను నమ్మడానికి లేదు. బాగా కలిసిన నీళ్లలో కణాలు ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి కాబట్టి, లెక్కపెట్టిన సంఖ్యకు దాని వర్గమూలమంత ఊగిసలాట తప్పదు. 450కి 21, అంటే దాదాపు 5 శాతం. మీరు రాయాల్సింది "11.3 లక్షలు, అటూ ఇటూ అర లక్ష". వంద కణాలే లెక్కపెడితే ఊగిసలాట 10 శాతం, నాలుగొందలు పెడితే 5 శాతం. సగానికి తగ్గించాలంటే నాలుగింతలు లెక్కపెట్టాలి, దగ్గరదారి లేదు.

ఈ వర్గమూలం సంగతిని ఇలాంటి ఛాంబర్ మీదే నిరూపించి 1907లో పత్రం రాసినవాడు విలియం గాసెట్. డబ్లిన్‌లో గిన్నెస్ బీరు కంపెనీలో ఉద్యోగం, ఈస్ట్ కణాల లెక్క. మరుసటి ఏడాది టీ-టెస్ట్ ఇచ్చింది కూడా ఆయనే. కంపెనీ సొంత పేరు వాడనివ్వకపోవడంతో "స్టూడెంట్" అనే పేరుతో రాశాడు. అంటే టీ-టెస్ట్ పుట్టిందే మీలాంటి ల్యాబ్‌లో, కొద్దిపాటి శాంపిళ్లతో నెట్టుకొచ్చే ఉద్యోగి చేతుల్లో.

మీ నాలుగు గడుల మధ్య తేడా ఆ మామూలు ఊగిసలాటలోనే ఉందా? సగటు నుంచి ఒక్కోదాని దూరాన్ని వర్గం చేసి కూడితే 685, దాన్ని 112.5తో భాగిస్తే 6.1. నాలుగు గడులకు ఇది 7.8 దాటితే కణాలు ముద్దకట్టాయనో, ఛాంబర్ నిండటం సరిగా లేదనో అనుమానించాలి. మీది దాటలేదు, సరే. ముగ్గురి మధ్య తేడా సంగతి వేరు. 10.4కీ 12.6కీ మధ్య 2.2 లక్షలు, అర లక్ష ఊగిసలాటతో అంత తేడా రాదు. ముగ్గురి చేతుల్లో ఏదో ఒకటి వేరుగా ఉంది.

ఎక్కడో పట్టుకోవడానికి మూడు మెట్లు దిగండి. ఒకే ఛాంబర్ నింపి, అదే అద్దాన్ని ముగ్గురూ చూడండి. అప్పుడే తేడా వస్తే కళ్లదీ, గీత మీద పడ్డ కణాన్ని లెక్కపెట్టే పద్ధతిదీ తప్పు. పై గీత, ఎడమ గీత మీదవి లెక్కలోకి, కింద, కుడి గీతల మీదవి వద్దు అని ముగ్గురూ ఒక మాట మీద ఉండాలి. అక్కడ కలిస్తే, ఒకే సీసాలోంచి ముగ్గురూ వేరువేరుగా ఛాంబర్ నింపండి. ఇక్కడ చెడితే పిపెట్, లేదా కవర్ గ్లాస్ కింద ఎక్కువ ద్రవం పోసి అది తేలిపోవడం. అదీ కలిస్తే ముగ్గురూ ట్యాంకులోంచి వేరుగా శాంపిల్ తెండి. గాలి ఆపేశాక పైపైన ముంచినవాడికి తక్కువ వస్తుంది, కీటోసెరాస్ లాంటి డయాటమ్ ఆల్గే కిందకు దిగుతుంది. నా అనుమానం ఈ మూడో మెట్టు మీదే ఉంది. మైక్రోస్కోప్ దగ్గర కూర్చున్నవాడిని అందరూ తిడతారు, మగ్గు ముంచినవాడిని ఎవరూ అడగరు.

ప్రశ్న: మా నాన్నగారికి షుగర్. ఇంట్లో మిషన్‌లో 168 వచ్చింది, అదే ఉదయం ల్యాబ్‌లో 150. మిషన్ పారేయమంటారా?
— కనిగిరి

జవాబు: పారేయకండి. ఇంటి గ్లూకోమీటర్లకు అంతర్జాతీయ ప్రమాణం 2013లో ఇలా పెట్టారు: ల్యాబ్ విలువ 100 గానీ ఆపైన గానీ ఉంటే వందలో 95 రీడింగులు దానికి 15 శాతం లోపల ఉండాలి, వంద కంటే తక్కువైతే 15 యూనిట్ల లోపల. 150కి 15 శాతమంటే 127 నుంచి 172 దాకా. మీ 168 అందులోనే ఉంది. ల్యాబ్ అంకె కూడా దైవవాక్కేమీ కాదు, దానికీ కొంత ఊగిసలాట ఉంటుంది. రక్తం తీసి గొట్టంలో ఉంచినంతసేపూ కణాలు అందులోని చక్కెరను తింటూనే ఉంటాయి. అందుకే షుగర్ పరీక్షకు బూడిదరంగు మూత గొట్టం వాడతారు, అందులో సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది. మీ కనిగిరి బోరునీళ్లలో ఎముకలను పీడించే ఫ్లోరైడ్ ఈ గొట్టంలో మాత్రం మేలు చేస్తుంది!

రెండింటినీ పోల్చాలంటే పరగడుపున, ల్యాబ్‌లో రక్తం ఇచ్చిన నిమిషాల్లోనే వేలి చుక్క చూడండి. తిన్న తర్వాత వేలి రక్తంలో చక్కెర, చేతి సిరలోని దానికంటే ఎక్కువే ఉంటుంది, అది మిషన్ తప్పు కాదు. చేతులు కడిగి ఆరనివ్వండి. మామిడిపండు తిన్న వేలితో చూసి గుండె గుభేలుమన్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. నిన్న 160, ఈ రోజు 168 అని మాత్రలు మీకు మీరే మార్చకండి. రోజుల తరబడి రాసిపెట్టిన పుస్తకం డాక్టర్ గారికి చూపించండి.

ప్రశ్న: స్టాటిస్టిక్స్ సి.ఆర్. రావు గారు మన గూడూరులో చదివారట, నిజమేనా? ఆయనకూ బయాలజీకీ సంబంధమేంటి?
— నాయుడుపేట

జవాబు: నిజమే. 1920లో ఇప్పటి కర్ణాటకలోని హడగళిలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం బళ్లలో చదివారు. బయాలజీతో సంబంధం గట్టిదే. కలకత్తాలో స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త మహలనోబిస్ పెట్టిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ నుంచి 1946లో కేంబ్రిడ్జ్ వెళ్లి, సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వితీసిన మనుషుల ఎముకల కొలతల మీద పనిచేశారు. ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ చేసింది అప్పుడే. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకున్నారు, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో పోయారు. గూడూరు బడి పిల్లలకు ఈ సంగతి ఎవరైనా చెప్తున్నారో లేదో!

ప్రశ్న: గ్రాఫ్‌లో బార్ల మీద గీతలు స్టాండర్డ్ డీవియేషన్‌వి పెట్టాలా, స్టాండర్డ్ ఎర్రర్‌వా? సీనియర్లు ఎర్రరే పెట్టమంటున్నారు, గీతలు చిన్నగా, అందంగా ఉంటాయట. నెల్లూరు జాతి గొర్రెపిల్లల పుట్టుక బరువులు తీసుకున్నాను.
— కావలి

జవాబు: అందం కోసమైతే ముగ్గు వేసుకోవచ్చు. పిల్లల బరువులు ఒకదానికొకటి ఎంత తేడాగా ఉన్నాయో చూపాలంటే డీవియేషన్ (పైన రొయ్యల లెక్కలో చెప్పిన ప్రామాణిక విచలనం), మీ సగటు ఎంత ఖచ్చితమో చూపాలంటే ఎర్రర్. డీవియేషన్‌ను సంఖ్య వర్గమూలంతో భాగిస్తే ఎర్రర్ వస్తుంది, కాబట్టి 25 పిల్లలైతే ఎర్రర్ గీత డీవియేషన్ గీతలో ఐదోవంతు ఉంటుంది. ఏది పెట్టినా బొమ్మ కింద పేరు, సంఖ్య రాయండి, రాయకపోతే ఆ గీతలకు అర్థమే లేదు. కవల పిల్లలుంటే ఒకే తల్లివి రెండు వేరు లెక్కలు కావు. వాటిని ఎలా లెక్కపెట్టారో కూడా రాయండి.

ప్రశ్న: పన్నెండు చేపల్లో ఒకదాని విలువ బాగా ఎక్కువగా వచ్చింది. దాంతో కలిపితే పి విలువ 0.07, తీసేస్తే 0.03. తీసేయమని పెద్దవాళ్లే చెప్తున్నారు.
— పరిశోధక విద్యార్థి, ఒంగోలు

జవాబు: కొలిచిన రోజు నోట్‌బుక్ తీయండి. "ఈ చేప తొట్టిలోంచి ఎగిరి కింద పడింది", "ఈ శాంపిల్ ఫ్రిజ్ బయట ఉండిపోయింది" అని ఆ రోజే రాసుకుని ఉంటే తీసేయండి, ఎందుకు తీశారో థీసిస్‌లో చెప్పండి. 0.07 చూశాక గుర్తొచ్చిన కారణాన్ని నేను ఒప్పుకోను. రాసి లేకపోతే రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టండి, లేదా విలువలకు బదులు వరస సంఖ్యలతో పోల్చే మాన్-విట్నీ టెస్ట్ చేయండి. అందులో ఆ చేప ఎంత పెద్దదైనా "అన్నిటికన్నా పైది" మాత్రమే. 0.05 గీతను ఫిషర్ 1925లో సౌకర్యంగా ఉంటుందని సూచించాడు. దానికి ఇవతల ఉన్నంత మాత్రాన చేపలు అబద్ధం చెప్పినట్టు కాదు.

ప్రశ్న: ఒంగోలు గిత్తను టేపుతో కొలిచి బరువు కడుతున్నాం: ఛాతీ చుట్టుకొలతను దాంతోనే గుణించి, పొడవుతో గుణించి, 300తో భాగించి. అన్నీ అంగుళాల్లో, బరువు పౌండ్లలో. నిన్న 470 కేజీలు, ఈ రోజు 483. ఒక్క రాత్రిలో పదమూడు కేజీలు పెరుగుతుందా?
— రైతు, ఒంగోలు దగ్గర

జవాబు: పెరగదు. ఛాతీ 72 అంగుళాలు, పొడవు 60 అయితే 470 కేజీలు. ఛాతీ 73 అంటే 483. మొత్తం తేడా ఒక్క అంగుళం వల్ల వచ్చింది. చుట్టుకొలత లెక్కలో రెండుసార్లు గుణించబడుతుంది కాబట్టి, అక్కడి తప్పు బరువులో రెట్టింపవుతుంది. గిత్త ఊపిరి పీల్చినప్పుడు పట్టారా, వదిలినప్పుడు పట్టారా, ముందుకాళ్లు ఎత్తు నేల మీద ఉన్నాయా, టేపు మూపురం వెనక నుంచి ముందుకాళ్ల వెనక్కి తిన్నగా దిగిందా, నీళ్లు తాగకముందా, తాగాకా? చదునైన చోట, పొద్దున్నే, మేతకు ముందు, మూడుసార్లు కొలిచి సగటు తీసుకుంటే ఈ రకం ఊగిసలాట తగ్గుతుంది.

తగ్గనిది ఇంకోటి ఉంది. పాత టైలరు టేపు వాడుతుంటే అది సాగిపోయి ఉంటుంది, ముప్పై సార్లు కొలిచినా అన్నిసార్లూ ఒకేవైపు తప్పు చూపిస్తుంది. దాని సగటు కూడా తప్పే. టేపును ఇనప స్కేలు పక్కన పరిచి చూడండి. ఈ సూత్రం అసలే అంచనా మాత్రం. గిత్త పెరుగుతోందా లేదా అని నెలనెలా చూసుకోవడానికి పనికొస్తుంది, ఒకే మనిషి, ఒకే టేపుతో కొలిస్తే. బేరం రోజున మాత్రం వేబ్రిడ్జికి తోలండి. అక్కడా ఒక చూపు ఉండాలి. చాలా వేబ్రిడ్జిలు 5 కేజీలో 10 కేజీలో మెట్లుగా చూపిస్తాయి. 10 మెట్టున్న దాని మీద బండిని గిత్తతో ఒకసారి, ఖాళీగా ఒకసారి తూస్తే రెండు తూకాల్లోనూ ఐదేసి కేజీలు అటూ ఇటూ. పొద్దున నిండా నీళ్లు తాగించి తోలితే అది మీ లాభం, కొనేవాడికి కూడా ఆ సంగతి తెలుసు.